వజ్రం జారిపోని నగ: రూపకల్పన క్రమం, రాళ్ళు పొదిగే పద్ధతులు

నగలోని వజ్రం పోయినప్పుడు తప్పు సాధారణంగా వజ్రానిది కాదు, దాన్ని పట్టుకుని ఉన్న లోహానిది. అరిగిపోయిన ఒక కొన, లోతు మించి కోసిన ఒక గాడి, దుస్తుల దారాలకు తగులుకుంటూ కొద్దికొద్దిగా పైకి లేచిన ఒక అంచు, ఇలాంటి చిన్న కారణాల వల్లే రాయి జారిపోతుంది. అయినా నగ చేయించుకునేవారు రాయి బరువు గురించి, రంగు గురించి, స్వచ్ఛత గురించి ఎంతో ఆలోచించి, దాన్ని ఎలా పొదగాలన్న ప్రశ్నను మాత్రం బొమ్మ నచ్చాక చివర్లో తేల్చేస్తుంటారు. ఈ వరుసను తిరగేయాలన్నది నా గట్టి అభిప్రాయం. రాయిలో బలహీనమైన చోటు ఏదో ముందు చూడాలి. ఆ నగ ఒంటి మీద ఎక్కడ ఉంటుందో, ఎన్ని దెబ్బలు తింటుందో తర్వాత చూడాలి. ఆ రెండూ కలిసి పొదిగే పద్ధతిని నిర్ణయించాలి. పూలూ లతలూ వంపులూ ఆ తర్వాతి సంగతి.

ముందుగా రాయిని చదవాలి

సాన పట్టిన వజ్రంలో భాగాల పేర్లు తెలిస్తే పొదిగే పద్ధతులన్నీ సులువుగా అర్థమవుతాయి. పైన బల్లపరుపుగా కనిపించే పెద్ద పలకను టేబుల్ అంటారు. టేబుల్ చుట్టూ వాలుగా దిగే పైభాగం క్రౌన్. రాయికి అన్నిటికంటే వెడల్పైన చోటు, అంటే దాని నడుము, గర్డిల్. నడుము కింద శంఖువులా సన్నబడే భాగం పెవిలియన్, దాని అడుగు మొన క్యూలెట్. గుండ్రని బ్రిలియంట్ కోతలో మొత్తం 57 పలకలు ఉంటాయి. క్యూలెట్ దగ్గర కూడా ఒక చిన్న పలక కోస్తే 58 అవుతాయి. పొదగడమంటే దాదాపు అన్ని పద్ధతుల్లోనూ నడుము కింద ఒక ఆధారం, నడుము పైన ఒక పట్టు ఏర్పాటు చేయడమే. మిగిలిన తేడాలన్నీ ఆ పట్టు ఏ ఆకారంలో ఉంది, చుట్టుకొలతలో ఎంత మేర ఉంది అన్న దాన్ని బట్టి వచ్చేవే.

మోస్ కాఠిన్య కొలమానంలో వజ్రానిది 10వ స్థానం, అన్నిటికంటే పైది. దీన్ని విని చాలామంది వజ్రం పగలదనుకుంటారు. గీతలు పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు. వజ్రపు స్ఫటికంలో నాలుగు దిశల్లో చీలిక తలాలు ఉంటాయి. వాటికి అనువైన కోణంలో గట్టి దెబ్బ తగిలితే అది చీలుతుంది, పెచ్చు లేస్తుంది. అందులోనూ దెబ్బకు ముందుగా లొంగేవి పలుచని నడుము, మొనదేలిన మూలలు. ప్రిన్సెస్ కోతకు నాలుగు మూలలు, మార్కీస్ కోతకు రెండు కొనలు, బేరిపండు ఆకారానికి ఒక కొన, హృదయాకారానికి అడుగు మొన, ఇవీ కాపాడవలసిన చోట్లు. ఎమరాల్డ్ కోతలో మూలలను ముందే ఏటవాలుగా కోసి ఉంచుతారు కాబట్టి ఆ బెడద తక్కువ.

కనుక రూపకల్పనకు కూర్చునే ముందు రాయిని పదిరెట్లు పెద్దది చేసి చూపే లూప్ కింద పెట్టి ఐదు విషయాలు రాసుకోవాలి: నడుము మందం చుట్టూ ఒకేలా ఉందా, ఎక్కడైనా కత్తి అంచులా పలుచబడిందా, నడుము దగ్గర ఈకలా కనిపించే పగులు ఏదైనా ఉందా, అంచు దగ్గర లోహంతో కప్పేయగలిగే మచ్చ ఉందా, నడుము మీద లేజరుతో చెక్కిన ధ్రువపత్రం సంఖ్య ఎక్కడ ఉంది. లోపలి నల్ల చుక్క అంచు దగ్గరుంటే దాని మీదికి ఒక ప్రాంగ్, అంటే రాయిని గోరులా పట్టే లోహపు కడ్డీ, తెచ్చి దాచవచ్చు, అది మంచి నేర్పు. కానీ నడుము దాకా వచ్చిన పగులు మీదికి మాత్రం ప్రాంగ్ తేకూడదు, ఎందుకంటే బిగించేటప్పుడు పడే ఒత్తిడికి ఆ పగులు పాకవచ్చు. లేజరు సంఖ్యను కూడా లోహం కిందికి పోనివ్వకూడదు. నగలో ఉన్నది తన రాయే అని రుజువు చేసుకోవలసిన రోజున ఆ సంఖ్య కనిపించాలి.

ఆ తర్వాత కొలతలు. ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు, అది బరువు మాత్రమే, పరిమాణం కాదు. సరైన నిష్పత్తిలో కోసిన గుండ్రని వజ్రం ఒక క్యారెట్‌కు సుమారు 6.5 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటుంది, అర క్యారెట్‌కు సుమారు 5.2, రెండు క్యారెట్లకు సుమారు 8.2. అంటే బరువు రెట్టింపైనా వ్యాసం నాలుగో వంతు మాత్రమే పెరుగుతుంది. రాయి మొత్తం లోతు వ్యాసంలో 60 శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. కాబట్టి ఒక క్యారెట్ రాయికి దాదాపు 4 మిల్లీమీటర్ల లోతు చోటు కావాలి. ఈ లోతును మరిచిపోయి గీసిన బొమ్మలు చాలా చూశాను. కాగితం మీద నాజూకుగా ఉండే ఉంగరం చేతికొచ్చేసరికి గోపురంలా లేచి ఉండడమో, అడుగు మొన వేలికి గుచ్చుకోవడమో జరిగేది ఇందువల్లే. రాయిని కాలిపర్‌తో మిల్లీమీటరులో నూరో వంతు దాకా కొలిచి, పొడవు, వెడల్పు, లోతు మూడూ బొమ్మ పక్కనే రాసుకోవాలి.

వెలుగు ఎక్కడి నుంచి వస్తుంది

రాయి వెనుక భాగం తెరిచి ఉంటేనే వెలుగు లోపలికి వెళ్ళి మెరుస్తుందన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. బాగా కోసిన వజ్రానికి అది నిజం కాదు. వజ్రం వెలుగును ఎంతగా వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం సుమారు 2.42, దాని సందిగ్ధ కోణం, అంటే వెలుగు బయటికి పోలేక వెనక్కి మళ్ళడం మొదలయ్యే కోణం, 24 డిగ్రీల పైచిలుకు మాత్రమే. అందువల్ల క్రౌన్ గుండా లోపలికి దిగిన వెలుగు పెవిలియన్ పలకలకు తగిలి, బయటికి పోలేక, అటూ ఇటూ పరావర్తనం చెంది మళ్ళీ క్రౌన్ గుండానే మన కంటికి చేరుతుంది. మార్సెల్ టోల్కోవ్‌స్కీ 1919లో లెక్కగట్టిన నిష్పత్తులు, అంటే క్రౌన్ కోణం 34.5 డిగ్రీలు, పెవిలియన్ కోణం 40.75 డిగ్రీలు, ఈ రాకపోకలను దృష్టిలో పెట్టుకున్నవే. కాబట్టి చుట్టూ లోహపు గోడ ఉన్నంత మాత్రాన మెరుపు చచ్చిపోదు.

అయితే వెనుక భాగాన్ని తెరిచి ఉంచడానికి మరో బలమైన కారణం ఉంది, అది శుభ్రత. వజ్రానికి నీరు అంటదు, జిడ్డు మాత్రం ఇట్టే అంటుకుంటుంది. గనుల్లో పిండిచేసిన రాతిని నీళ్ళతో కలిపి గ్రీజు పూసిన పట్టీల మీదుగా పారించి వజ్రాలను వేరు చేసేది ఈ గుణాన్ని ఆసరా చేసుకునే. పెవిలియన్ మీద సబ్బు, చర్మపు నూనె, క్రీము పేరుకుంటే అక్కడ గాలికి బదులు జిడ్డు ఉంటుంది, సందిగ్ధ కోణం పెరిగిపోతుంది, లోపలే తిరగవలసిన వెలుగు అడుగు నుంచి కారిపోతుంది. వజ్రం మసకబారిందని బాధపడేవారిలో చాలామందికి కావలసింది ఒక మెత్తటి కుంచె, ఆ కుంచె వెళ్ళే దారి. రూపకల్పనలో ఆ దారిని వదలడం మన బాధ్యత.

ధరించే చోటు, లోహం

ఉంగరమూ గాజూ తలుపులకు, గిన్నెలకు, బల్లలకు రోజూ కొట్టుకుంటాయి. దిద్దులూ లాకెట్లూ అంతగా దెబ్బలు తినవు. కనుక ఒకే రాయికి లాకెట్టులో సరిపోయే సన్నని ప్రాంగులు ఉంగరంలో సరిపోవు. చేతులతో పని చేసేవారు, చేతి తొడుగులు వేసుకునే వైద్య సిబ్బంది, పసిపిల్లలను ఎత్తుకునే తల్లులు రోజూ పెట్టుకునే ఉంగరంలో రాయి వేలికి దగ్గరగా, తక్కువ ఎత్తులో, గోడ చాటున ఉండాలి. ఎప్పుడో ఒకసారి పెట్టుకునే ఉంగరానికి ఈ నియమాన్ని సడలించవచ్చు.

దిద్దుల్లో చూడవలసింది బరువు సమతూకం. వెనుక కడ్డీని రాయికి సరిగ్గా మధ్యలో అతికితే తల ముందుకు వాలి వజ్రం నేల చూపులు చూస్తుంది. కడ్డీ మధ్యకంటే కొంచెం పైన ఉండాలి. మూడు ప్రాంగులతో గరాటు ఆకారంలో చేసే దిద్దు చెవితమ్మెకు దగ్గరగా ఒదుగుతుంది. లాకెట్టులో గొలుసు దూరే కొక్కెం బరువు కేంద్రానికి పైన ఉంటే అది తిరగబడదు. బ్రేస్‌లెట్‌లో రాళ్ళకంటే ముందు తెగేవి లంకెలూ కొక్కెమూ. అందుకే రెండో రక్షణ కొక్కెం లేని వజ్రపు బ్రేస్‌లెట్‌ను నేను ఎవరికీ సిఫారసు చేయను.

లోహం విషయానికొస్తే, 22 క్యారెట్ల బంగారంలో 91.6 శాతం మేలిమి ఉంటుంది, అందుకే అది మెత్తన. దానితో మందమైన గోడ కట్టవచ్చు గాని సన్నని ప్రాంగులు చేస్తే తేలికగా వంగిపోతాయి. 75 శాతం బంగారం ఉండే 18 క్యారెట్లు, 58.5 శాతం ఉండే 14 క్యారెట్లు ప్రాంగులకు మేలు. తెల్ల బంగారం మీద సాధారణంగా రోడియం పూత ఉంటుంది, అది అరిగేకొద్దీ లోపలి లేత పసుపు ఛాయ బయటపడుతుంది కాబట్టి మళ్ళీ పూయించుకోవాలి. 95 శాతం శుద్ధమైన ప్లాటినం బరువైనది. గీత పడినప్పుడు లోహం రాలిపోకుండా పక్కకు జరుగుతుంది, అందువల్ల ప్లాటినం ప్రాంగులు ఎక్కువ కాలం నిలుస్తాయి. వర్ణరహితమైన రాయికి తెల్ల లోహమే అందం. కాస్త పసుపు ఛాయ ఉన్న రాయిని మాత్రం పసుపు బంగారంలో పెడితే ఆ ఛాయ లోపంలా కాక చుట్టూ ఉన్న వన్నెలో భాగంగా కనిపిస్తుంది. ఉంగరపు వలయాన్ని పసుపు బంగారంతోనూ, రాయిని పట్టే తలను ప్లాటినంతోనూ చేయడం చాలామందికి నచ్చే మధ్యేమార్గం.

ప్రాంగ్ సెట్టింగ్

గోళ్ళలా పైకి లేచిన కొన్ని లోహపు కడ్డీలు రాయి నడుమును పట్టుకునే పద్ధతి ఇది. లోహం తక్కువ, రాయి ఎక్కువ కనిపిస్తుంది, అడుగు భాగం కడుక్కోవడానికి తెరిచి ఉంటుంది. టిఫనీ సంస్థ 1886లో పరిచయం చేసిన ఆరు ప్రాంగుల ఉంగరంలో రాయిని వలయం మీదికి ఎత్తి నిలబెట్టారు. నేటి ఒంటిరాయి ఉంగరాలు చాలావరకు ఆ పోలికలోనివే.

నాలుగు ప్రాంగులా, ఆరా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. నాలుగు ఉంటే రాయి ఎక్కువగా కనిపిస్తుంది, కానీ గుండ్రని రాయి కాస్త చతురస్రంగా తోస్తుంది; అంతకంటే ముఖ్యంగా, ఒక్క ప్రాంగ్ విరిగితే మిగిలిన మూడింటి మధ్య పెద్ద సందు ఏర్పడి రాయి జారిపోయే ప్రమాదం ఉంటుంది. ఆరు ఉన్నప్పుడు ఒకటి పోయినా బాగుచేయించుకునేదాకా మిగతా ఐదు పట్టి ఉంచుతాయి. అర క్యారెట్ లోపు రాయికి ఆరు ప్రాంగులు పెడితే లోహమే ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి నాలుగు చాలు. ఒక క్యారెట్ పైబడిన రాయి రోజూ పెట్టుకునే ఉంగరంలో ఉంటే నేను ఆరే ఎంచుకుంటాను. ఒక క్యారెట్ రాయికి ప్రాంగ్ కడ్డీ సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉండాలి. అచ్చు పోసే నగకైతే నమూనాలో దీన్ని ఇంకొంచెం మందంగా గీయాలి, ఎందుకంటే ఆకురాయి పనిలోనూ మెరుగు పెట్టడంలోనూ కొంత లోహం పోతుంది.

పొదిగే పని ఇలా సాగుతుంది. రాయిని ప్రాంగుల మీద ఉంచి నడుము ఎక్కడ ఆనుతుందో గుర్తుపెట్టుకుంటారు. తర్వాత సన్నని తిరుగుడు పనిముట్టుతో ప్రతి ప్రాంగ్ లోపలి వైపున ఒకే ఎత్తులో గాడి కోస్తారు. దీన్నే సీటు అంటారు. గాడుల ఎత్తులో వెంట్రుకవాసి తేడా వచ్చినా రాయి ఒరిగిపోతుంది. గాడి లోతు ప్రాంగ్ మందంలో మూడో వంతు దగ్గర ఆగితే మంచిది, సగాన్ని ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదు. లోతుగా కోసిన గాడిలో రాయి సులువుగా కూర్చుంటుంది, పని త్వరగా అవుతుంది, కానీ అక్కడ మిగిలిన పలుచని లోహం కొన్నాళ్ళకు పగులుతుంది. పూర్తయిన నగలో ఈ లోపాన్ని కంటితో పట్టుకోవడం కష్టం కాబట్టే పనివాడి నిజాయితీ ఇక్కడ అంత విలువైనది. రాయి సమంగా కూర్చున్నాక ఎదురెదురు ప్రాంగులను జతలుగా, కొద్దికొద్దిగా లోపలికి నొక్కాలి; ఒకదాన్ని పూర్తిగా బిగించి మరోదానికి వెళ్తే రాయి పక్కకు జరుగుతుంది, నడుము మీద ఒకే చోట ఒత్తిడి పడుతుంది. చివరగా కొనలను కత్తిరించి, గిన్నె ఆకారపు పనిముట్టుతో గుండ్రంగా చేసి, క్రౌన్ మీద అంటుకుని ఉండేలా ముగించాలి.

మొనలున్న రాళ్ళకు మామూలు ప్రాంగ్ చాలదు. మూలను రెండు వైపులా కప్పే మడత ప్రాంగ్ పెట్టాలి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది: రాయి మొన లోహానికి నేరుగా తగలకుండా మూలలో చిన్న ఖాళీ తవ్వి ఉంచాలి. బరువంతా రెండు పక్కల మీద పడాలి గాని మొన మీద పడకూడదు. ఈ ఖాళీ లేకపోతే బిగించేటప్పుడే మొన పెళుక్కుమనడం ఖాయమనుకోవచ్చు.

బెజెల్, ఫ్లష్

రాయి నడుము చుట్టూ లోహపు గోడ కట్టి దాని అంచును రాయి మీదికి వంచడమే బెజెల్. ఇది మనుషులు ఎరిగిన పాత పద్ధతుల్లో ఒకటి, రక్షణలో ఇప్పటికీ దీనికి సాటి లేదు. నడుము పలుచగా ఉన్న రాయికి, అంచున చిన్న పెచ్చు లేచిన పాత రాయికి, రోజంతా పనిచేసే చేతికి నేను మరో ఆలోచన లేకుండా బెజెల్ సూచిస్తాను. బట్టలకు తగులుకోదు, జుట్టు చిక్కుకోదు, చిన్న రాయి కూడా గోడ మెరుపుతో కలిసి కొంచెం పెద్దగా కనిపిస్తుంది. గోడ లోపల రాయి ఆనే మెట్టు సమంగా ఉండాలి, గోడ రాయికి బిగుతుగా సరిపోవాలి, నడుము పైకి లేచే అంచు క్రౌన్‌ను కొద్దిగా కప్పేంత మాత్రమే ఉండాలి. అంచును వంచేటప్పుడు గడియారంలో పన్నెండు, ఆరు, మూడు, తొమ్మిది అంకెలున్న చోట్ల ముందు నొక్కి, ఆ తర్వాత మధ్య ఖాళీలను పూరిస్తూ పోవాలి. ఒక వైపు నుంచి వరుసగా నొక్కుకుంటూ పోతే చివరికి ముడత మిగులుతుంది. మూలలున్న రాళ్ళకు బెజెల్ కట్టడం గుండ్రని రాయికంటే చాలా కష్టం. చుట్టూ గోడ వద్దనుకుంటే రెండు పక్కల మాత్రమే ఉండే అర బెజెల్ ఉంది; రాయి పక్కల నుంచి కూడా కనిపిస్తుంది, రక్షణ కొంత తగ్గుతుంది.

ఫ్లష్ పద్ధతిలో గోడ కూడా ఉండదు. మందమైన లోహంలో రాయికి సరిపడే గూడు తవ్వి, టేబుల్ దాదాపు లోహపు ఉపరితలంతో సమానంగా ఉండేలా కూర్చోబెట్టి, నడుము చుట్టూ ఉన్న లోహాన్ని నున్నటి ఉక్కు పనిముట్టుతో రుద్ది రాయి మీదికి తెస్తారు. పైకి పొడుచుకు వచ్చేది ఏదీ ఉండదు కాబట్టి వెడల్పాటి పట్టీ ఉంగరాలకు ఇది ఎంతో బాగుంటుంది. లోహపు మందం రాయి లోతు కంటే ఎక్కువ ఉండాలన్న షరతు వల్ల పెద్ద రాళ్ళకు పనికిరాదు. రుద్దేటప్పుడు పడే ఒత్తిడిని వజ్రం, కెంపు, నీలం తట్టుకుంటాయి. పచ్చలాంటి పెళుసు రాళ్ళకు ఈ పద్ధతి తగదు.

చిన్న రాళ్ళ వరుసలు: చానెల్, పావే

రెండు సమాంతర గోడల మధ్య రాళ్ళను వరుసగా పేర్చి, గోడల లోపలి గాడుల్లో నడుములను కూర్చోబెట్టి, పై అంచులను మూసే పద్ధతి చానెల్. రాళ్ళ మధ్య లోహం కనిపించదు, అంచులు నున్నగా ఉంటాయి, గాజులకూ పట్టీ ఉంగరాలకూ బాగా నప్పుతుంది. రాళ్ళన్నీ ఒకే కొలతలో ఉండాలి, ఒకదాని నడుము మరోదానికి తగలకుండా సన్నని సందు ఉండాలి. తగిలితే వజ్రమే వజ్రాన్ని పెచ్చు లేపుతుంది. గోడ ఒకచోట వంగితే ఒక్క రాయి కాదు, వరుసలో రెండు మూడు వదులవుతాయన్నది దీని బలహీనత. ఉంగరం సైజు మార్చడం కూడా కష్టం. చుట్టూ రాళ్ళున్న ఉంగరాన్నైతే సైజు మార్చడం దాదాపు కుదరని పని. అందుకే వేలి కొలతను ఒకే రోజు ఉదయం, సాయంత్రం రెండుసార్లు తీసుకోవాలి. వేళ్ళు వేడికి ఉబ్బుతాయి, చలికి సన్నబడతాయి.

చానెల్ గోడలను తీసేసి రాళ్ళ మధ్య అడ్డంగా కడ్డీలు నిలిపితే బార్ సెట్టింగ్ అవుతుంది. రాళ్ళు రెండు వైపులా తెరిచి ఉంటాయి, మెరుపు ఎక్కువ, రక్షణ తక్కువ.

పావే అన్నిటికంటే ఓపిక కోరే పని. ఫ్రెంచి భాషలో ఆ మాటకు రాళ్ళు పరిచినది అని అర్థం. లోహం కనిపించకుండా ఉపరితలమంతా చిన్న వజ్రాలు పరుచుకుని ఉండడమే దీని అందం. సాధారణంగా ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల రాళ్ళు వాడతారు, 1.3 మిల్లీమీటర్ల రాయి బరువు దాదాపు నూరో వంతు క్యారెట్. ముందుగా ఉపరితలం మీద రాళ్ళ స్థానాలను గీసుకుని, రాయి వ్యాసం కంటే చిన్న రంధ్రాలు చేసి, వాటిని పైభాగాన రాయి కొలతకు వెడల్పు చేసి, నడుము లోహపు ఉపరితలానికి కొద్దిగా కిందికి ఉండేలా రాళ్ళను దించుతారు. రాళ్ళ మధ్య మిగిలిన లోహంలోంచి సన్నని ఉలితో చిన్న ముక్కలను లేపి రాయి మీదికి తోసి, గిన్నె మొన గల పనిముట్టుతో వాటిని గుండ్రని పూసలుగా మలుస్తారు. ఒక పూస పక్కపక్కనున్న రెండు మూడు రాళ్ళను పట్టుకోగలదు. ఒక్కో రాయికి నాలుగు పూసల పట్టు ఉండేలా అమరిక చూసుకోవాలి. ఇదే పనిని ఇంకా చిన్న రాళ్ళతో మైక్రోస్కోపు కింద చేస్తే మైక్రో పావే అంటారు.

పావేలో చెడ్డ పనిని గుర్తుపట్టే మార్గం చెప్తాను. నగను ఒక దీపం కింద మెల్లగా తిప్పండి. టేబుళ్ళన్నీ ఒకే తలంలో ఉంటే మెరుపు ఒక అలలా ఆ కొస నుంచి ఈ కొసకు పారుతుంది. ఎగుడుదిగుడుగా కూర్చున్న రాయి దగ్గర ఆ అల తెగుతుంది. తర్వాత లూప్‌తో పూసలను చూడండి, అవి గుండ్రంగా, ఒకే పరిమాణంలో, రాయిని తాకుతూ ఉండాలి. ఆ పైన నగను తిరగేసి అడుగు రంధ్రాలను చూడండి. వాటిని చతురస్రంగానో తేనెపట్టు గదుల్లానో చక్కగా కోసి ఉంచితే ఆ పనివాడు కనిపించని వైపును కూడా ప్రేమించాడని అర్థం, అలాంటి చేతిలో కనిపించే వైపు కూడా భద్రంగా ఉంటుంది. అయితే ఎంత బాగా చేసినా పావే పూసలు చిన్నవే. దెబ్బలు తినే ఉంగరపు అడుగు సగంలో పావే పెట్టవద్దని నా సలహా.

నడుమ పెద్ద రాయి, చుట్టూ పావే వలయం ఉంటే దాన్ని హాలో అంటారు. వలయం పెద్ద రాయి నడుము కంటే ఒక మెట్టు కిందికి ఉండాలి, రెంటి మధ్య సందు వీలైనంత సన్నగా ఉండాలి. సందు వెడల్పైతే పెద్ద రాయి మరింత పెద్దగా కనిపించడానికి బదులు ఒంటరిగా కనిపిస్తుంది.

అరుదైన మూడు పద్ధతులు

టెన్షన్ సెట్టింగ్‌లో ఉంగరపు వలయాన్ని మధ్యలో తెంచి, ఆ రెండు కొసల స్ప్రింగు బలంతోనే రాయిని పట్టి ఉంచుతారు. రాయి గాలిలో తేలుతున్నట్టు కనిపిస్తుంది. లోహానికి ఆ బలం తెప్పించడం ప్రత్యేక నైపుణ్యం. నడుము దగ్గర పగులున్న రాయిని ఇందులో పెట్టకూడదు, సైజు మార్చడం చేసినవారికే సాధ్యం.

ఇన్విజిబుల్ సెట్టింగ్‌కు వాన్ క్లీఫ్ అండ్ ఆర్పెల్స్ సంస్థ 1933లో పేటెంటు తీసుకుంది. చతురస్రపు రాళ్ళ నడుము కింద సన్నని గాడులు కోసి, లోహపు పట్టాల మీదికి వాటిని జార్చి కూర్చోబెడతారు. పైనుంచి లోహం ఏమాత్రం కనిపించదు. ఒక రాయి ఊడితే దాన్ని తిరిగి పెట్టడం చాలా శ్రమ, అందుకే దీన్ని దెబ్బలకు దూరంగా ఉండే నగల్లోనే కోరుకోవాలి.

కుందనం పనిలో ప్రాంగులూ ఉండవు, వంచిన గోడా ఉండదు. మేలిమి బంగారపు పలుచని రేకును రాయి చుట్టూ పొరలు పొరలుగా నొక్కుతారు. శుద్ధమైన బంగారం వేడి లేకుండానే తనలో తాను అతుక్కుపోతుంది. వెనుక మూసి ఉంటుంది, లోపల మెరిసే రేకు ఉంటుంది. పలుచగా, తక్కువ పలకలతో ఉండే వజ్రాలకు వెలుగునిచ్చేది ఆ రేకే. దీన్ని నీళ్ళలో నానబెట్టకూడదు, తడి లోపలికి చేరితే రేకు నల్లబడుతుంది.

బొమ్మ గీయడం

ఇప్పటికి రాయి కొలతలు, ధరించే చోటు, పద్ధతి, లోహం నిర్ణయమయ్యాయి. ఇక నగను పైనుంచి, ముందు నుంచి, పక్క నుంచి మూడు కోణాల్లో అసలు కంటే ఐదు లేదా పది రెట్లు పెద్దగా గీయాలి. అందరూ పైనుంచి కనిపించే రూపాన్నే శ్రద్ధగా గీస్తారు గాని తప్పులు బయటపడేది పక్క నుంచి గీసినప్పుడే: రాయి ఎంత ఎత్తులో ఉంది, అడుగు మొనకూ వేలికీ మధ్య ఎంత ఖాళీ ఉంది, కుంచె వెళ్ళే దారి ఉందా, పక్క ఉంగరానికి తగులుతుందా అన్నవన్నీ అందులో తెలుస్తాయి. ఉంగరపు వలయం అడుగున మందం 1.5 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోవాలి. అంతకంటే పలుచనైతే వలయం సాగి, పైనున్న ప్రాంగులను కూడా కదిలిస్తుంది. తల బరువుగా, వలయం సన్నగా ఉంటే ఉంగరం వేలి మీద తిరిగిపోతూ ఉంటుంది. కంప్యూటరులో నమూనా చేసినా, మైనపు అచ్చు తీసినాక ఒకసారి వేలికి పెట్టుకుని చూడడం మానకూడదు. తెర మీద పెద్దగా చూసి అలవాటైన కంటికి అసలు పరిమాణం ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

చేతికి తీసుకునేటప్పుడు, ఆ తర్వాత

నగ తయారై వచ్చినప్పుడు ముందు లూప్‌తో ప్రాంగ్ కొనలు రాయిని అంటుకుని ఉన్నాయా అని చూడాలి. కొనకూ రాయికీ మధ్య వెలుగు కనిపిస్తే బిగింపు చాలలేదు. సన్నని పట్టకారుతో రాయిని పక్కల నుంచి మెల్లగా నెట్టి చూడాలి. నగను చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టితే వదులైన రాయి చిన్న టకటక శబ్దంతో తనను తాను పట్టిస్తుంది. పలుచని పట్టు గుడ్డను అన్ని వైపులా తాకిస్తూ లాగితే గరుకు అంచులు దారాన్ని పట్టుకుంటాయి. లేజరు సంఖ్యను ధ్రువపత్రంతో సరిపోల్చుకోవాలి.

రోజూ పెట్టుకునే నగను కనీసం ఏడాదికొకసారి ప్రాంగుల అరుగుదల కోసం చూపించాలి. అరిగిన కొనలకు కొత్త లోహం చేర్చి తిరిగి మలచవచ్చు. ఆ పనిలో మంట వాడతారు. గాలిలో అధిక వేడికి వజ్రపు ఉపరితలం కాలి మసకబారుతుంది కాబట్టి బోరిక్ ఆమ్లం పూత వేసి వేడి చేస్తారు, చల్లార్చడాన్ని కూడా దానంతట అదే జరగనిస్తారు. పగుళ్ళను గాజు వంటి పదార్థంతో పూరించిన వజ్రమైతే ఆ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే ఆ పూరకం వేడికి చెడిపోతుంది.

ఇంట్లో శుభ్రం చేయడానికి గోరువెచ్చని నీళ్ళు, కొద్దిగా పాత్రల సబ్బు, మెత్తటి కుంచె చాలు. కాసేపు నానబెట్టి అడుగు వైపు నుంచి రుద్దాలి, కడిగే గిన్నె కింద ఒక గుడ్డ పరచాలి, పంపు దగ్గర తూము మూసి ఉంచాలి. క్లోరిన్ ఉన్న ఈత కొలనులోకి బంగారు నగతో దిగకూడదు, అది బంగారంలో కలిపిన ఇతర లోహాలను తిని ప్రాంగులను పెళుసు చేస్తుంది. శబ్ద తరంగాలతో శుభ్రం చేసే యంత్రంలో పావే నగను వేసే ముందు రాళ్ళన్నీ గట్టిగా ఉన్నాయని తేల్చుకోవాలి. వజ్రం వజ్రాన్ని గీయగలదు కాబట్టి ప్రతి నగనూ వేరే గుడ్డలోనో అరలోనో దాచాలి.

ఏదో ఒక రోజు రాయి కదులుతున్నట్టు అనిపిస్తే ఆ పూటకే నగను తీసేసి, చిన్న మూత డబ్బాలో పెట్టి మూసి, పొదిగే పనివాడి దగ్గరికి ఆ డబ్బాతోనే తీసుకెళ్ళాలి. దారిలో రాయి ఊడినా డబ్బాలోనే ఉంటుంది.